రెండు వేళ్ళ లోతు నీళ్ళు

ఆసుపత్రి, మూడో అంతస్తు, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
జూలై 3

అన్నయ్యకి,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను, లేకపోతే సగం చదివి మడిచేసి "దీనికి మళ్ళీ తిక్క రేగింది" అని వదినతో అంటావు. ఫోన్లో మాట్లాడటానికి నాకు ఊపిరి చాలడం లేదు. మూడు మాటలకోసారి ఆగాలి. నీకేమో ముప్పై ఏళ్ళుగా మోటార్ల పక్కన నిలబడి చెవులు పోయాయి. నిన్న ఫోన్ చేస్తే నువ్వు అరిచావు, నేను రొప్పాను, పక్కమంచం లెక్కల టీచరమ్మ మనిద్దరి మీదా జాలిపడి కట్ చేసింది. తెర మీద అక్షరాలు కొట్టమంటావేమో, అద్దాలు కోసికోసి నా వేళ్ళ కొనలు కాయలు కాశాయి. ఫోన్ నా వేలిని వేలే కాదంటుంది.

కాబట్టి చదువు. కిందటి నెల న్యుమోనియా వచ్చిందన్నాను కదా, అది తగ్గింది. పోతూపోతూ కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు వదిలిపోయింది. లోపల కాదు, చుట్టూ. ఈ తేడా నాకూ మొన్నటిదాకా తెలీదు. సూది పెట్టి లీటరు తీశారు, ఎండుగడ్డి రంగులో ఉంది. నాలుగు రోజుల్లో మళ్ళీ పట్టింది. మళ్ళీ తీశారు, మళ్ళీ పట్టింది. మా బాత్రూం గోడ చెమ్మని నువ్వు మూడుసార్లు బాగుచేసిన పద్ధతే.

ఇక్కడి డాక్టరు సన్నగా ఉంటాడు, ఎప్పుడూ ఒక కాలు గుమ్మం బయటే పెట్టుకుని మాట్లాడతాడు. ఎనిమిదో క్లాసుతో ఆపేసినదాన్ని, అర్థమయ్యేలా చెప్పి కదలమన్నాను. ఊపిరితిత్తికి సొంత బలం లేదట. వదిలేస్తే పిడికిలంత అయి ముడుచుకుపోతుందట. దాని మీద ఒక పల్చటి తడి పొర, పక్కటెముకల లోపలివైపు ఇంకో పొర. రెండింటి మధ్య రెండు మూడు చెంచాల నీళ్ళు, అంతే. తాడు లేదు, జిగురు లేదు, మేకు లేదు. ఛాతీ పైకి లేస్తే ఆ తడిని పట్టుకునే ఊపిరితిత్తి వెంట వస్తుంది.

ఆయన పూర్తి చేయకముందే నాకర్థమైంది. మా ఫ్రేముల షాపుకి ఒకసారి మధ్యలో కాగితాలు పెట్టకుండా అద్దాల కట్ట పంపారు, దారిలో వాన పడింది. అద్దానికీ అద్దానికీ మధ్య నీటి పొర చేరింది. పైదాన్ని పక్కకి తోస్తే వెన్నలా జారింది. ఎత్తబోతే కిందిది కూడా లేచి వచ్చింది. ఇంట్లో ఆయనా నేనూ చెరోవైపు పట్టి లాగినా విడలేదు. జారమంటే జారుతుంది, రమ్మంటే రాదు. ఇంత చేసేది చెంచాడు తడి. అదే రెండద్దాల మధ్య బకెట్టు నీళ్ళు నిలబెడితే? ఒకదానితో ఒకదానికి సంబంధమే ఉండదు. ఇప్పుడు నా కుడిపక్క అదీ సంగతి. నేను ఛాతీ ఎత్తుతాను, అది రాదు. నీళ్ళ పక్కన నలిగి మూలకూర్చుంది.

రేపు పక్కటెముకల మధ్య గొట్టం పెడతారు. నీళ్ళు పోయాక ఊపిరితిత్తి విప్పుకుని గోడకి ఆనాలి. ఆనకపోతే దాని మీద తొక్కలాంటిది కడుతుందట, అప్పుడు ఛాతీ కోసి ఆ తొక్క ఒలవాలట. కోయడం అనే మాట విన్నప్పట్నుంచి నాకు జోకులు రావడం లేదు. తక్కువగా వస్తున్నాయి, అంతే.

నువ్వు రాకు. ట్యాంకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో రైలెక్కితే ఇక్కడ ఇంకో మంచం కావాలి. ఖాళీ లేవు.

నీ చెల్లి

*

ఇల్లు, ముందుగది, కాలు స్టూలు మీద
జూలై 8

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇందులో మోసం ఎక్కడుందో వెతకడానికి. కిందటేడు ఇదే చేత్తో "షాపు మీద ట్యాంకు పగిలింది, అద్దాలన్నీ నీళ్ళపాలు, వెంటనే రా" అని రాశావు. నేను పనిముట్లన్నీ మోసుకుని ఏడుగంటలు రైల్లో నిలబడి వస్తే, నేను మీసం తీసేశానని వదిన చెప్పిందనీ, ఆ మొహం చూడాలనిపించి రాశాననీ అన్నావు. ట్యాంకు కళకళలాడుతూ ఉంది. ఆ సంగతి మా వీధిలో ఇంకా నడుస్తోంది.

ఈసారి బావ కూడా విడిగా రెండు ముక్కలు రాశాడు కాబట్టి నమ్ముతున్నాను. బావకి అబద్ధం ఆడే ఓపిక లేదు.

నమ్మాక నిద్ర పట్టలేదు. ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చోవడం తప్ప చేసే పని లేదు. కట్టు లోపల దురద, బయట వదిన. అందుకని నీ రోగం గురించే ఆలోచిస్తున్నాను. నీ అద్దాల గోల నాకు నచ్చలేదు. ఊపిరితిత్తి అంటే పంపు. గాలి పీలుస్తుంది, వదులుతుంది. పంపు దగ్గర అద్దాలకేం పని? ఆ డాక్టరు నిన్ను చూసి, ఈవిడ షాపు ఏమిటో కనుక్కుని దానికి తగ్గట్టు చెప్పి ఉంటాడు. నన్ను చూసుంటే పంపనే చెప్పేవాడు.

ఆ గొట్టం ఎంత లావు, ఎక్కడికి పోతోంది, చివర ఏముంది, వాల్వు ఉందా, అన్నీ వివరంగా రాయి. నీళ్ళు తోడే పని నాది. ఎవరో తోడుతుంటే నేను కాలు చాపుకుని కూర్చోవడం నాకు నామోషీగా ఉంది.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి, మూడో అంతస్తు
జూలై 13

పంపుల మహాశయా,

గొట్టం పెట్టారు. నా చిటికెన వేలంత లావు. పెట్టేటప్పుడు మొద్దుబారే మందిచ్చారు, మొద్దుబారినది చర్మమే. లోపల తోస్తుంటే ఎవరో గోడకి స్క్రూ బిగిస్తున్నట్టు మొత్తం తెలిసింది. తిట్టడానికి ఊపిరి లేక నర్సమ్మ చెయ్యి గిల్లాను. ఆవిడ తిరిగి గిల్లింది. ఆవిడకి నేను గడియారం అని పేరు పెట్టాను, ప్రతి గంటకీ వచ్చి ఏదో ఒకటి చూస్తుంది. మనిషి మంచిదే, నవ్వు మాత్రం ఇంట్లో పెట్టి వస్తుంది.

నువ్వడిగిన వివరాలు. గొట్టం మంచం కిందకి దిగి గాజు సీసాలోకి పోతుంది. సీసాకి రబ్బరు బిరడా, బిరడాకి రెండు కన్నాలు. ఒక కన్నంలోంచి నా గొట్టానికి తగిలించిన గాజు గొట్టం దిగి, అడుగున పోసిన నీళ్ళలో రెండు వేళ్ళ లోతు మునిగి ఉంటుంది. రెండో కన్నం ఊరికే గాలి పోవడానికి. మోటారు లేదు, వాల్వు లేదు, ఏమీ లేదు. ఇంత పెద్ద భవనం కట్టుకుని ఇంత చవక సరంజామా ఏమిటని అడిగితే గడియారం నా వైపు చూసి దిండు సర్దింది.

ఒక విచిత్రం ఉంది. నేను ఊపిరి పీలిస్తే సీసాలో నీళ్ళు గాజు గొట్టంలో పైకెక్కుతాయి, వదిలితే దిగుతాయి. ఎక్కడం, దిగడం, రోజంతా. మంచి గుర్తేనట. టీచరమ్మకీ ఇదే రోగం, ఇదే సీసా. ఎవరి నీళ్ళు ఎక్కువ ఎత్తు ఎగిరితే వాళ్ళని ముందు ఇంటికి పంపుతారని ఆవిడకి చెప్పాను. పాపం ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పిన మనిషి, మధ్యాహ్నం దాకా కొలిమి తిత్తిలా పీల్చి, స్కేలుతో కొలిచి కాగితం మీద వేసుకుంది. గడియారం వచ్చి మా ఇద్దరినీ కలిపి దులిపింది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి సగం పైగా విచ్చుకుందట. ఇంకో రెండు వారాలు ఓపిక పడితే గొట్టం తీసేస్తామన్నారు. ఓపిక నా దగ్గర లేదని నీకు తెలుసు, వాళ్ళకి తెలీదు. పడుకోవాలంటే ఎడమపక్క వద్దు, కుడిపక్క గొట్టం, వెల్లకిలా అయితే ఆయాసం. మూడు వారాలుగా కూర్చుని నిద్రపోతున్నాను, బస్సులో సీటు దొరికినదానిలా.

నీ చెల్లి

*

ఇల్లు, ముందుగది
జూలై 17

చెల్లెమ్మా,

ఇది చదివి వెంటనే పని చెయ్యి, ఎవరితోనూ వాదించకు.

గొట్టం మూతి నీళ్ళలో ముంచిన మనిషి ఎవరు? మా పనిలో మొదటిరోజు నేర్పే సంగతి ఇది. ట్యాంకులోకి పోసే పైపు మూతి ఎప్పుడూ నీళ్ళ మట్టానికి పైన ఉండాలి. మునిగిందా, మోటారు ఆగిన మరుక్షణం ట్యాంకులో నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి పోతాయి. ఒక హోటలువాడు నా మాట వినక పైపు ట్యాంకు అడుగుదాకా దించాడు. నాచూ తుక్కూ వెనక్కి లాగి బోరు మొత్తం కంపు కొట్టింది. మూడు రోజులు నేనే కడిగాను.

నీళ్ళు పైకెక్కుతున్నాయని నువ్వే రాశావు. మంచి గుర్తని వాళ్ళంటే నమ్మావు. అది వెనక్కి పీల్చడం కాకపోతే ఏమిటి? ఇవాళ జానెడు ఎక్కింది, రేపు గట్టిగా దగ్గితే మూరెడు ఎక్కుతుంది, ఎల్లుండి ఆ సీసాలో మురికంతా నీ ఛాతీలోకి పోతుంది. అందుకే నీళ్ళు తీసిన కొద్దీ పడుతున్నాయేమో, ఆలోచించు. డాక్టర్లు మందులు చదివారు, పైపులు చదవలేదు.

బిరడా రబ్బరుదే అన్నావు కదా. గాజు గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ పైకి లాగు. నీళ్ళకి రెండు వేళ్ళ పైన ఆపు. నీళ్ళు కారి సీసాలో పడతాయి, వెనక్కి వెళ్ళే దారి ఉండదు. అద్దం పని చేసే చేతులు నీవి, పగలదు. వాళ్ళకి చెప్తే పది ప్రశ్నలు వేసి వద్దంటారు. చెప్పకు.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి, మూడో అంతస్తు, నర్సుల బల్ల ఎదుటి మంచం
జూలై 24

అన్నయ్యా,

పెన్సిలుతో రాస్తున్నాను, పెన్నుకి నొక్కాలి.

శనివారం ఊపిరితిత్తి పడిపోయింది. మొత్తం. ఛాతీలోకి గాలి వెళ్ళింది. తప్పు నాదే. ఊరికే ఉండలేక గొట్టాన్ని సీసా దగ్గర ఊడదీసి, "మీకే ఫోన్" అని టీచరమ్మ చెవి దగ్గర పెట్టాను. ఆవిడ హలో అనేలోపే నాకు కళ్ళు తిరిగాయి. గడియారం పరిగెత్తుకొచ్చి గొట్టం నులిమి పట్టుకుంది. తర్వాత ఏం చేశారో నాకు సరిగ్గా తెలీదు.

ఇప్పుడు బిరడా చుట్టూ, గొట్టం చుట్టూ, సీసా చుట్టూ తెల్ల టేపు వేసి మూటకట్టారు. మంచం మార్చి గడియారం బల్ల ఎదురుగా పెట్టారు. కిటికీ పోయింది.

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఇంకా విప్పలేదు. ఓపిక వచ్చాక చదువుతాను.

చెల్లి

*

ఇల్లు
జూలై 28

నిన్ను ఏమని పిలవాలో తెలీక పిలుపు రాయడం లేదు.

నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి నీకు. ఎదుటివాళ్ళ చెప్పులు మార్చావు, నవ్వాను. పెళ్ళివాళ్ళ ఫోటో ఫ్రేముకి కొక్కెం తలకిందులుగా పెట్టి ఇచ్చావు, వాళ్ళకి సర్దిచెప్పి నవ్వాను. నన్ను ఏడుగంటలు రైల్లో నిలబెట్టావు, తిట్టి నవ్వాను. ఛాతీలోంచి వచ్చిన గొట్టాన్ని ఫోను చేసి ఆడావా? నీ ఊపిరితిత్తి కూడా నీకు ఆటవస్తువేనా? బావ షాపుకీ ఆసుపత్రికీ మధ్య తిరిగి సగమయ్యాడు. వదిన నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను ఇక్కడ ఒంటికాలి మీద కూర్చుని నీ కోసం పైపుల లెక్క వేస్తుంటే, నువ్వు అక్కడ పగటివేషాలు వేస్తున్నావు.

నీకు బుద్ధి చెప్పేవాళ్ళు లేక ఇలా తయారయ్యావు. అమ్మ గారాబం, తర్వాత నా గారాబం. ఇక చాలు. నువ్వు మనిషివయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు.

నా ఉత్తరం చదివితే అందులో చెప్పినట్టు ఇప్పుడే చెయ్యకు. టేపు విప్పితే మళ్ళీ గొడవ. ముందు నేనే ఇక్కడ ఒక సీసా పెట్టి, పనిచేసి చూపించి, బొమ్మ గీసి నేరుగా ఆ డాక్టరుకే పంపుతాను.

అన్నయ్య

*

ఆసుపత్రి, నర్సుల బల్ల ఎదుటి మంచం
ఆగస్టు 3

అన్నయ్యకి,

రాయొద్దన్నావు. ఇక్కడ రాయడం తప్ప ఏం చెయ్యనిస్తున్నారు?

తిట్లన్నీ చదివాను. బాగున్నాయి. ఒకటి రెండు నేను కూడా వాడుకుంటాను.

సంగతి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. రెండు ఎక్స్‌రేలు తీశారు. గాలి పోతోంది గానీ ఊపిరితిత్తి విచ్చుకోవడం లేదు, ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉంది. డాక్టరు ఈసారి రెండు కాళ్ళూ లోపల పెట్టి నిలబడ్డాడు. మామూలుగా అయితే ఇంకో పదిహేను రోజులు గొట్టం ఉంచి, ఊదుడు కసరత్తులు చేయించి చూస్తానన్నాడు. "కానీ నువ్వు గొట్టంతో ఆడే మనిషివమ్మా. ఇంకోసారి ఊడదీస్తే ప్రాణం మీదికొస్తుంది. నీ చేతికి పదిహేను రోజులు దాన్ని వదల్లేను. వచ్చే గురువారం కోసేద్దాం" అన్నాడు. నా కాగితాల మీద ఎర్రసిరాతో రాసి ఉంది, రోగి గొట్టంతో ఆడుకుంటుంది అని. వచ్చిన ప్రతి చిన్న డాక్టరూ ముందు అది చదివి, తర్వాత నా మొహం చూస్తాడు.

ఆడనని చెప్పాను. ఒట్టు వేశాను. నా ఒట్టు ఎవరికి కావాలి? టీచరమ్మ కూడా నోరు తెరవబోయింది, నేను కళ్ళతో ఆపాను.

పక్కటెముకల మధ్య జాకీ లాంటిది పెట్టి వెడల్పు చేస్తారట. అద్దం అయితే గీత పెట్టి ఒక్క తట్టు తడితే విడిపోతుంది, నొప్పి దానికి తెలీదు. అన్నయ్యా, నాకు భయంగా ఉంది. ఇది జోకు కాదు. ఎవరూ నమ్మకపోయినా నువ్వు నమ్ము.

చెల్లి

*

ఇల్లు, పెరటి వసారా
ఆగస్టు 6

చెల్లెమ్మా,

సీసా పెట్టి చూశాను.

ఎలా చేశానో రాస్తాను, ఎందుకంటే చేసినంతసేపూ నేనే గెలుస్తాననుకున్నాను. పెద్ద ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, అక్కడ రబ్బరు గుడ్డ బిగించి కట్టాను. అది ఛాతీ కింద ఉండే కండ అనుకో. లోపల బెలూను, దాని మూతి సీసా మూతిలోంచి బయటికి, అది ఊపిరితిత్తి. పక్కన కన్నం పెట్టి సన్న గొట్టం దూర్చి జిగురుతో మూసేశాను, అది నీ గొట్టం. గొట్టంలోంచి నోటితో గాలి లాగితే బెలూను దానంతటదే విచ్చుకుంది. ఎవరూ ఊదలేదు. చుట్టూ ఉన్న గాలి తగ్గేసరికి అది గోడవైపు వచ్చింది. వేలితో గొట్టం మూసి, మూతిని గ్లాసు నీళ్ళలో ముంచి వేలు తీశాను. నీళ్ళు కాస్త పైకెక్కి ఆగాయి. బెలూను అలాగే విచ్చుకుని నిలబడింది. రబ్బరు గుడ్డ కిందికి లాగితే బెలూను ఇంకా పెరిగింది, నీళ్ళు ఇంకో రెండు వేళ్ళు ఎక్కాయి. వదిలితే దిగాయి. నువ్వు రాసినట్టే. ఎక్కడం, దిగడం.

నీళ్ళు వెనక్కి పోవడం కాదు అది. లోపల ఉన్న లాగుడు ఎంతో ఆ నీళ్ళు చూపిస్తున్నాయి. బయటి గాలి లోపలికి దూరకుండా కాపలా కాస్తున్నాయి. వాల్వు లేదని వెక్కిరించాం కదా, ఆ నీళ్ళే వాల్వు.

తర్వాత గొట్టం మూతిని నీళ్ళలోంచి రెండు వేళ్ళు పైకి లేపాను. నేను నీకు చెప్పినంతే. తుస్సుమంది. బెలూను ముడుచుకుని గొంతు దగ్గర వేలాడింది. రబ్బరు గుడ్డ ఎంత లాగినా ఉలకలేదు, పలకలేదు. గొట్టంలోంచి గాలి లోపలికి వచ్చి పోతోంది, బెలూను మాత్రం చచ్చినట్టు ఉంది. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అంతే.

నా ఉత్తరం పదిహేడున వేశాను. నీది పడిపోయింది ఇరవై ఒకటిన. నా ఉత్తరం ఇరవై నాలుగున అందిందన్నావు. బావకి రాసి అడిగాను. శుక్రవారం తానే తెచ్చి నీ చేతికిచ్చానన్నాడు, నువ్వు చదివి దిండు కింద పెట్టుకున్నావన్నాడు. మర్నాడే శనివారం. ఫోను లేదు, పాడూ లేదు. నేను చెప్పింది చేశావు. ఆ పైన నేను తిట్టిన తిట్లన్నీ తిన్నావు.

ఇప్పుడు నీ అబద్ధం వల్లే నిన్ను కోస్తామంటున్నారు. నువ్వు చెప్పవని నాకు తెలుసు. అందుకని అన్నీ వివరంగా, సీసా బొమ్మతో సహా, నేనిచ్చిన సలహా నకలుతో సహా, మీ గడియారం నర్సమ్మ పేర ఈ ఉదయమే పంపాను. మా పక్కింటాయన రైల్లో తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చి సంతకం పెట్టించుకుని వస్తాడు. నన్ను ఆపడానికి నీకు టైము లేదు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి, నర్సుల బల్ల ఎదుటి మంచం
ఆగస్టు 8

అన్నయ్యా,

జీవితంలో ఒక్క మంచి పని చేశాను, అది కాస్తా చెడగొట్టావు.

నీ ఉత్తరం గడియారం బల్ల దగ్గరే నిలబడి చదివింది. తర్వాత నా దగ్గరికొచ్చి దిండు సర్దింది. ఈసారి గట్టిగా సర్దింది, కొట్టినట్టే. సాయంత్రం డాక్టరు ఆ కాగితాలు పట్టుకుని వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోగా చూడటం వార్డులో అందరికీ అదే మొదలు.

"మీ అన్నయ్య పంపుల మెకానిక్కా?" అన్నాడు.

అవునన్నాను.

"ట్యాంకు దగ్గర ఆయన చెప్పింది నిజమే. ఇక్కడ మాకు కావలసింది వెనక్కి లాగే ఆ లాగుడే. ఇన్ని నెలలుగా ఇంత మందికి ఈ సీసా పెట్టాను, నీళ్ళు ఎందుకు ఎక్కుతాయో ఒక్కరికీ సరిగ్గా చెప్పలేదు" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, ఆట కాకపోతే ఆట అని ఎందుకు చెప్పావని.

ఆయనకి చెప్పలేదు. నీకు చెప్తాను, ఒక్కసారే.

శుక్రవారం నీ ఉత్తరం చదివినప్పట్నుంచి నాకు ఆ నీళ్ళ మీదే కళ్ళు. ఎక్కినప్పుడల్లా మురికి లోపలికి పోతున్నట్టే ఉంది. శనివారం మధ్యాహ్నం గడియారం టీకి వెళ్ళగానే వంగి, తిప్పుతూ లాగాను. చక్కగా వచ్చింది. ఊపిరి పీల్చాను. తుస్సుమని చిన్న చప్పుడు. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. అంతలో కుడిపక్క ఎవరో గుడ్డ మడతపెట్టినట్టయింది. ఛాతీ లేస్తోంది, దాని వెంట ఏమీ రావడం లేదు. టీచరమ్మ అరిచిన అరుపుకి ముప్పై రెండేళ్ళ క్లాసులు కనపడ్డాయి.

ఉక్రోషం ఎందుకంటే, ఇది నాకు తెలిసిన పనే. అతుక్కున్న అద్దాల్ని మేం ఎలా విడదీస్తామనుకున్నావు? లాగం. మూల దగ్గర పల్చటి బ్లేడు దూర్చి కాస్త గాలి పట్టిస్తాం. గాలి దూరిన చోటల్లా పట్టు వదిలేస్తుంది, రెండూ వాటంతటవే విడిపోతాయి. ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేస్తున్నాను. నా ఛాతీ దగ్గరికి వచ్చేసరికి నా చేతుల మాట వినకుండా నీ మాట విన్నాను. కాబట్టి మొత్తం నీ ఖాతాలో వేసుకోకు. నాకూ కొంచెం వదులు.

నీ పేరు ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే నువ్వు ఇంక ఎవరి పంపూ ముట్టుకోవు. మూలకూర్చుని కాలు చూసుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా? నాకైతే పేరు ఎలాగూ పాడైంది, ఇంకో మరక పడితే కనపడదు. ఇందులో త్యాగాలేమీ లేవు, సుళువుగా అనిపించి చేశాను. గురువారం కోస్తామనేదాకా సుళువుగానే ఉంది.

డాక్టరు ఎర్రసిరా రాత కొట్టేసి పక్కన ఏదో రాశాడు. గురువారం కోయరు. పన్నెండు రోజులు ఇచ్చాడు. గంటకి పదిసార్లు గొట్టపు బొమ్మలో ఊది మూడు బంతులు లేపాలి. ఇవాళ ఒక్క బంతి సగం లేచి, నన్ను చూసి కూర్చుంది. పన్నెండు రోజుల తర్వాత కూడా ఇలాగే ఉంటే కోయక తప్పదు. సీసాలో నీళ్ళు ఎగరడం లేదు. చూసిచూసి విసుగొస్తోంది.

చెల్లి

*

ఇల్లు
ఆగస్టు 13

చెల్లెమ్మా,

ఊదు. నాకు ఉత్తరాలు రాస్తూ టైము పాడుచేయకు. తిట్టాలనిపిస్తే ఆ ఊపిరి కూడా బంతుల మీద పెట్టు. టీచరమ్మని లెక్కపెట్టమను, నీ లెక్క నేను నమ్మను.

కట్టు ఇరవయ్యో తేదీన తీస్తారు. నిన్న ఒకాయన మోటారు చూడమని వచ్చాడు. కాలు బాగాలేదని పంపించేశాను. కాలు వల్ల కాదు. అతను అడిగిన ప్రశ్నకి జవాబు నాకు తెలుసు, చెప్పబోతే నోరు రాలేదు.

అన్నయ్య

*

ఇల్లు, షాపు పైగది
సెప్టెంబరు 5

అన్నయ్యకి,

మీ బావ రాసిన ముక్కలో నేను ఇంటికొచ్చాననే ఉంది కాబట్టి మిగతాది నేను రాస్తున్నాను.

ఎనిమిదో రోజు దాకా ఏమీ లేదు. ఊది ఊది పెదాలు పగిలాయి. బంతుల్ని చూస్తే కిటికీలోంచి విసిరేయాలనిపించింది, కిటికీ కూడా దగ్గర్లో లేదు. టీచరమ్మ లెక్క తప్పకుండా పెట్టింది, పదికి తొమ్మిది ఊదితే తొమ్మిదనే వేసింది. దొంగలెక్క వేయమని బతిమాలాను. ఉద్యోగంలో ఉన్నప్పుడే వేయలేదంది. తొమ్మిదో రోజు పొద్దున దగ్గు వచ్చి ఆపుకోలేకపోయాను. దగ్గుతుంటే సీసాలోంచి బుడబుడమని చాలా గాలి పోయింది. గడియారం వంగి చూసి, ఊపిరి పీల్చమంది. పీల్చాను. నీళ్ళు గాజు గొట్టంలో నాలుగు వేళ్ళు లేచాయి. ఆవిడ వెళ్ళి డాక్టర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

పన్నెండో రోజు ఎక్స్‌రేలో ఊపిరితిత్తి గోడకి ఆని ఉంది. కోయక్కర్లేదన్నారు. గొట్టం తీసేటప్పుడు ఊపిరి నిండా పీల్చి బిగబట్టమన్నారు. ఎందుకో ఈసారి డాక్టరే ముందుగా చెప్పాడు, లాగే క్షణంలో గాలి లోపలికి పోకూడదని. ఇప్పుడు కొత్తగా గొట్టం పెట్టిన ప్రతి మంచం దగ్గరా నిలబడి నీళ్ళు ఎందుకు ఎక్కుతాయో చెప్తున్నాడట. మీ పంపుల మాట కూడా ఎత్తుతున్నాడని టీచరమ్మ చెప్పింది. పేరు చెప్పడం లేదులే.

ఒక్క చోట బాగవలేదు. అడుగున, పక్కటెముకల చివర, అరచేతిమేర ఊపిరితిత్తి గోడకి అతుక్కుపోయిందట. మిగతా అంతా తడి మీద జారుతుంది, అక్కడ జారదు. అక్కడ రెండు పొరలూ ఒకటే అయిపోయాయి. ప్రమాదం లేదు, పెద్ద ఊపిరి తీసినప్పుడు పట్టి లాగుతుంది, అంతే. ఎప్పటికి పోతుందంటే అలవాటవుతుందన్నాడు. ఆయన ఛాతీ కాదు కదా.

నీ కిందటి ఉత్తరంలో పైకి అనకపోయినా మళ్ళీ అదే పాట, నా వల్లే, నా వల్లే అని. అవును, నీ వల్లే. నా వల్ల కూడా. ఆ మోటారాయన్ని పిలిచి జవాబు చెప్పు. మోటార్ల సంగతి నీకు తెలుసు. నీకు తెలియనిది ఇది ఒక్కటే, ఇప్పుడు అదీ తెలుసు.

మెట్లెక్కినప్పుడు లాగుతుంది. పైఅరలోంచి ఫ్రేము అందుకున్నప్పుడు లాగుతుంది. లాగినప్పుడల్లా నీ పేరు పెట్టి ఒకసారి తిడుతున్నాను, గట్టిగానే, ఇంట్లో ఆయన మొదట్లో ఎవరొచ్చారని చూసేవాడు. నిన్న పదకొండుసార్లు అయింది. ఇవాళ ఇప్పటికి నాలుగే. తగ్గిపోతోందని సంబరపడకు, రేపు అద్దాల లోడు దిగుతోంది.

నీ చెల్లి